ఇరువది అంకెల లెక్క



శాంతిపురము, కుప్పము ప్రాంతములలో రాగిపైరు నెరుగనివారుండరు. ఒక్క రాగిగింజను అరచేత నుంచుకొని చూచినచో అది ఉన్నట్లే తోపదు, ఊదిన ఎగిరిపోవును. వేయి గింజలు కూర్చినను రమారమి రెండున్నర గ్రాములకంటె తూగవు. అనగా ఒక కిలో రాగులలో నాలుగు లక్షల గింజలుండునన్నమాట. ఈ లెక్కను కొంచెము జ్ఞప్తియందుంచుకొనుడు. నేడు నేను చెప్పబోవు ఒక పెద్ద సంఖ్యను కొలుచుటకు మనకు రాగిగింజయే సాధనము.

ఆ సంఖ్య యిది: 1,84,46,74,40,73,70,95,51,615.

మొత్తము ఇరువది అంకెలు. నోట చెప్పవలెనన్న, ఒక లక్ష ఎనుబదినాలుగువేల నాలుగువందల అరువదియేడు కోటికోట్లు, ఆపైన కొంత చిల్లర. ఆ చిల్లరయే నలువదినాలుగు లక్షల కోట్లకు పైబడియున్నది!

ఇది యెక్కడనుండి వచ్చినది? చదరంగపు బల్లనుండి వచ్చినది. కథ మీలో పెక్కుమంది విన్నదే. చదరంగమును కనిపెట్టిన పండితుని జూచి రాజు సంతసించి, ఏమి కావలెనో కోరుకొమ్మనెను. ఆతడు, మొదటి యింట ఒక గింజ, రెండవ యింట రెండు, మూడవ యింట నాలుగు, ఈ ప్రకారము ప్రతి యింటను ముందటి యింటికి ఇబ్బడిగా అరువదినాలుగిండ్లకును ధాన్యమిప్పింపుమని కోరెను. రాజు నవ్వి సరేయనెను. ఈ కథ చెప్పువారు రాజును మూర్ఖునిగా జిత్రింతురు. నాకట్లు తోపదు. ఆతడు మొదటి వరుసను జూచి మాట యిచ్చినాడు. మొదటి వరుసను జూచి మాట యిచ్చువారు మన యూళ్లలోను తక్కువగా లేరు.

రాగులతోనే నింపి చూతము. మొదటి వరుస ఎనిమిదిండ్లకును కలిపి 255 గింజలు. అది చిటికెడైనను గాదు. రెండవ వరుస ముగియునప్పటికి మొత్తము 65,535 గింజలు. తూచిన నూట అరువదినాలుగు గ్రాములు, అనగా ఒక దోసెడు. మూడవ వరుస ముగియునప్పటికి నలువదిరెండు కిలోలు. ఇంకను అర బస్తా నిండలేదు. నాలుగవ వరుసతో బల్ల సగము పూర్తియైనది. అప్పటికి నూటయేడు క్వింటాళ్లు. మంచి సంసారి గాదెలో నుండదగినంత. ఇంతవరకు ఏ రాజునకును భయపడ పనిలేదు.

ఇక రెండవ సగము. అయిదవ వరుస ముగియునప్పటికి 2,749 టన్నులు. లారీకి పది టన్నుల చొప్పున రెండువందల డెబ్బదియైదు లారీలు. ఆరవ వరుసకు ఏడు లక్షల టన్నులు. ఏబదవ యింటికి వచ్చునప్పటికి మొత్తము ఇరువదియెనిమిది లక్షల టన్నులు దాటును. ఇటీవలి సంవత్సరములలో మన దేశమంతటను ఏ ఏటను అన్ని రాగులు పండలేదు. ఏబదియేడవ యింటికి ముప్పదియారు కోట్ల టన్నులు. 2023–24లో దేశమున పండిన వరి, గోధుమ, జొన్న, పప్పుధాన్యములన్నియు కలిపినను ముప్పదిమూడు కోట్ల టన్నుల చుట్టుపట్లనే గదా! ఇంకను ఏడిండ్లు మిగిలియున్నవి. అవియు నిండునప్పటికి కావలసిన రాగులు 4,611 కోట్ల టన్నులు. దేశము నూటముప్పదితొమ్మిది ఏండ్లపాటు గింజ తినక కూడబెట్టవలెను.

ఇచట గమనింపవలసిన గుణమొకటి యున్నది. ఏ యింటనైనను ఉన్న గింజలు, దానికి ముందున్న ఇండ్లన్నిటి మొత్తమునకంటె సరిగా ఒక్కటి యెక్కువ. నాలుగవ యింట ఎనిమిది. దానికి ముందు ఒకటియు, రెండును, నాలుగును, వెరసి ఏడు. ఎంత దూరము పోయినను ఇంతే. కారణము సులభము. మొదటి యింటనున్న గింజ ప్రక్కన వేరొక గింజను అదనముగా నుంచుడు. రెండైనవి. వానిని రెండవ యింటికి జరిపిన, అక్కడి రెండింటితో గలిసి నాలుగగును. ఆ నాలుగును మూడవ యింటికి జరిపిన ఎనిమిదగును. ఈ విధముగా ప్రోగులు కలిసికొనుచు అరువదినాలుగవ యింటిని దాటి, లేని అరువదియైదవ యింట నొక్కప్రోగై నిలుచును. అందుండి మనము ముందు చేర్చిన అదనపు గింజను తీసివేసిన మిగులునది మన ఇరువది అంకెల లెక్క. కనుక కడపటి యిల్లొక్కటే, వెనుకటి అరువదిమూడిండ్లను మ్రింగి ఇంకొక గింజ యెక్కువగా నుండును. ఈ గుణమును మరువకుడు; ఋణపత్రముల సంగతి వచ్చినపుడు దీనితో మరల పనియున్నది.

ఈ లెక్క మన తెలుగువారికి క్రొత్తది కాదు. సుమారు తొమ్మిదివందల ఏండ్ల క్రిందట పావులూరి మల్లన, మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి దెచ్చెను. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూటుడైన అమోఘవర్షుని కాలమువాడు, కన్నడదేశపు జైనపండితుడు. ఎల్లకు ఆవలి గణితమును ఈవలి భాషలో పలికించిన మల్లన శ్రమ, కన్నడము తెలుగు అరవము మూడును ఒకే సంతలో వినవచ్చు శాంతిపురము వారికి వింతగా దోపదు. మల్లన పుస్తకమును పలు తరములు కరణములు పాఠముగా జదివిరి. సంస్కృత మూలమును 1912లో మద్రాసు ప్రభుత్వమువారు రంగాచార్యులవారిచే ఆంగ్లానువాదముతో ప్రకటింపించిరి.

చతురంగపు ఇండ్లను ఇబ్బడిగా నింపిన వచ్చు మొత్తమును తెలుపు పద్యమొకటి మల్లన పేర ప్రసిద్ధమైయున్నది. ఇరువది అంకెలను ఆతడు అంకెలుగా జెప్పలేదు, వస్తువులుగా జెప్పెను. చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, మన్మథుని శరములనిన అయిదు, గిరులనిన ఏడు, దిగ్గజములనిన ఎనిమిది, ఆకాశమనిన సున్న. ఒకట్ల స్థానమునుండి మొదలుపెట్టి ఎడమకు నడచుచు వరుసగా వ్రాసికొన్న సంఖ్య తేలును. అంకె చెరిగిపోవచ్చును, తాటియాకు పురుగు తినవచ్చును, కాని ఛందస్సులో బిగించిన మాట కంఠమున నిలిచియుండును. లెక్కను పద్యముగా గట్టుట పాండిత్యప్రదర్శనమని కొందరందురు గాని, నా యభిప్రాయమున అది భద్రపరచు పద్ధతి.

ఇంత సంఖ్యను పేరుపెట్టి పిలుచుటకు స్థానములు చాలునా యన్న శంకయు వలదు. మహావీరాచార్యుడు ఏకము మొదలు మహాక్షోభము వరకు ఇరువదినాలుగు స్థానములకు పేర్లిచ్చెను. మన సంఖ్య వానిలో ఇరువదవదైన మహాశంఖము వరకే పోవును. ఇంకను నాలుగు స్థానములు ఖాళీగానే యున్నవి!

మరి ఈ మొత్తమును సాధించుటకు అరువదిమూడు మారులు రెట్టింపు చేయవలెనా? చేయనక్కరలేదు. రెంటిని రెంట గుణించిన నాలుగు. నాలుగును నాలుగింట గుణించిన పదునారు. పదునారును తనతో దాను గుణించిన 256. మరల అట్లే 65,536. మరల 429,49,67,296. ఇంకొక్కమారు తనతో దాను గుణించి ఒకటి తీసివేసిన మన సంఖ్య సిద్ధము. ఆరు గుణకారములతో పని ముగిసినది. క్రీస్తుశకము వేయి ప్రాంతమున అల్ బిరూనీయను పండితుడు చదరంగపు లెక్కను ఈ వర్గముల మార్గముననే సాధించెను. అంతకు చాల పూర్వమే పింగళుడు ఛందశ్శాస్త్రమున ఇట్టి ఉపాయమును సూత్రీకరించియుండెను.

ఛందస్సునకును చదరంగమునకును ఏమి సంబంధమందురా? ప్రతి యక్షరమును లఘువైనను గావలెను, గురువైనను గావలెను. ఒక యక్షరమునకు రెండు రూపములు, రెండక్షరములకు నాలుగు, మూడక్షరములకు ఎనిమిది. మన గణములు ఎనిమిదగుట అందువలననే. పదునారు అక్షరముల పాదమునకు 65,536 వృత్తములు. ఉత్పలమాల పుట్టిన ఇరువది యక్షరముల ఛందమునకు 10,48,576. అరువదినాలుగు అక్షరములకు ప్రస్తారము వేసిన, చదరంగపు మొత్తమునకు మరియొక్క రూపము అధికమగును. గింజల లెక్కయు, గురులఘువుల లెక్కయు ఒకటే.

ఈ సంఖ్య లోపలి నిర్మాణము ఇంకను ముచ్చటైనది. మూడుతో మొదలుపెట్టుడు. మూడును అయిదింట గుణించిన 15. పదునైదును 17చే గుణించిన 255. దానిని 257చే గుణించిన 65,535. దానిని 65,537చే గుణించిన 429,49,67,295. దానిని 429,49,67,297చే గుణించిన మన ఇరువది అంకెల సంఖ్య. ప్రతిమారును, చేతనున్న ఫలమునకు రెండు కలిపిన సంఖ్యచేతనే దానిని గుణించుచున్నాము, ఎచ్చటను తప్పదు.

ఈ కడపటి గుణకమునకు ఒక చరిత్ర కలదు. ఫ్రాన్సు దేశపు ఫెర్మా అను గణితజ్ఞుడు 1640 ప్రాంతమున 3, 5, 17, 257, 65,537 అను వరుసను జూచి, ఇవి యేవియు చిన్న సంఖ్యలచే భాగింపబడని ప్రధానసంఖ్యలు గనుక తరువాతిదైన 429,49,67,297 కూడ అట్టిదే యగునని నమ్మెను. సుమారు తొంబదేండ్లకు, 1732లో, ఆయిలర్ అను పండితుడు అది 641చే నిశ్శేషముగా భాగింపబడుననియు, భాగఫలము 67,00,417 అనియు చూపెను. అయిదు మారులు నిజమైనది ఆరవమారు నిజము కాలేదు. కాగితము, కలము కలవారు ఈ గుణకారమును స్వయముగా జేసి చూడవచ్చును. అయిదు నిముషముల పని.

ఇట్లు మన సంఖ్యకు 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అను ఏడు ప్రధాన భాజకములు తేలినవి. వీనిని ఏడుగురు సాక్షులనవచ్చును. ఎవరైనను ఈ సంఖ్యను చదివి వినిపించినపుడు, తప్పు చదివినారేమో యన్న సందేహము గలిగిన, సాక్షులను పిలువుడు. కడపటి అంకె అయిదుగా నుండవలెను. అంకెలన్నియు కూడిన 87 రావలెను; అది మూడింట తెగును, తొమ్మిదింట తెగదు. ప్రక్కప్రక్కనున్న రెండంకెలు తారుమారైన కూడిక మారదు గావున ఈ పరీక్షకు దొరకదు. కాని 17చే భాగించి చూచిన తప్పక బయటపడును. అన్నట్లు మరియొక విడ్డూరము: రెట్టింపుల చేతనే పుట్టిన ఈ సంఖ్యలో రెండు అను అంకె యొక్కటియు లేదు. తక్కిన తొమ్మిది అంకెలును ఉన్నవి. ఇందులో గూఢార్థమేమియు లేదు, యాదృచ్ఛికము మాత్రమే.

గూఢార్థములు వెదకువారికి కాశీ కథ యొకటి కలదు. కాశీలో నొక గుడియందు మూడు సూదులపై అరువదినాలుగు బంగారు పళ్లెరములు గలవనియు, అర్చకులు వానిని నియమము తప్పక ఒక సూదినుండి మరియొకదానికి మార్చుచున్నారనియు, ఆ పని ముగియగానే ప్రళయమనియు చెప్పుదురు. కావలసిన మార్పులు సరిగా మన సంఖ్యయే. కాని ఇది పురాణము కాదు. లూకా యను ఫ్రెంచి గణితజ్ఞుడు 1883లో ప్రకటించిన ఆటబొమ్మకు అల్లిన కథ. క్షణమునకొక పళ్లెరము మార్చినను 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. బ్రహ్మకు పగలనబడు కల్పము 432 కోట్ల ఏండ్లు. అట్టివి నూటముప్పదియైదు గడువవలెను. భయపడ నవసరము లేదు.

నేడు ఈ సంఖ్య మన జేబులలోనే తిరుగుచున్నది. కంప్యూటర్లును, సెల్‌ఫోనులును ఒకటి, సున్న అను రెండు గుర్తులతోనే సర్వమును వ్రాయును, గురులఘువుల వంటివే. ఇప్పటి యంత్రములలో సామాన్యముగా ఒక సంఖ్యకు అరువదినాలుగు గళ్లు కేటాయింతురు. ఆ గళ్లన్నిటను ఒకటి నిండిన వచ్చు అతి పెద్ద సంఖ్య పావులూరి మల్లన పేరిటి ఈ సంఖ్యయే. దానికి ఒకటి చేర్చిన, మనము చెప్పుకొన్న అదనపు గింజ వలె అది గడి గడి దాటిపోయి, యంత్రమున అన్నియు సున్నలై నిలుచును.

ఇక ఋణపత్రముల సంగతి. రెట్టింపు రాగులతోనే కాదు, రూపాయలతోను జరుగును.

నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ యనిన పల్లెలలో ధర్మవడ్డీ యనియే తలతురు. నూరు రూపాయలకు బారువడ్డీ యైనచో, అసలంత వడ్డీ కావలెనన్న ఏబది నెలలు పట్టును. అదే వడ్డీని నెలనెలకును అసలులో గలుపుచు బోయినచో ముప్పదియైదు నెలలకే నూరు రెండువందలగును, పైసా యటునిటు. అనగా ముప్పదియైదు నెలలకు చదరంగమున నొక యిల్లు. ముప్పదియైదేండ్లు గడచిన, బారువడ్డీ లెక్కన అసలు వడ్డీ కలిపి 940 రూపాయలు. చక్రవడ్డీ లెక్కన పండ్రెండిండ్లు నడచి 4,09,600 రూపాయలు. రేటొక్కటే, వ్రాతలో భేదము మాత్రమే.

నెలనెలకు కలుపువారెవ్వరున్నారందురేమో. కాలదోషము పట్టకుండుటకు మూడేండ్లకొకమారు నోటు తిరుగ వ్రాయించు ఆచారము మీరెరిగినదే. వడ్డీని అసలులో గలిపి క్రొత్త నోటు వ్రాయింతురు. రెండు రూపాయల వడ్డీకి నూరు రూపాయల నోటు మూడేండ్లకు 172 అగును. తిరుగ వ్రాసిన ఆరేండ్లకు 296, తొమ్మిదేండ్లకు 509, పండ్రెండేండ్లకు 875. తిరుగ వ్రాయక బారువడ్డీయే లెక్కించిన పండ్రెండేండ్లకు 388 మాత్రమే. నడుమనున్న 487 రూపాయలు ఎవరును ఎవరికిని అప్పిచ్చినవి కావు. నాలుగు కాగితములపై సంతకములు పెట్టగా బుట్టినవి. చదరంగము కథలోని రాజు వలెనే ఋణస్థుడును మొదటి కాగితమును జూచి, ఇంతేగదా యనుకొనును. వెనుకటి ఇండ్లన్నిటిని మ్రింగు గుణము కడపటి యింటిదని ఆతనికి చెప్పువారుండరు.

పూర్వులకు ఈ గుణము తెలియును. ఒక్కమారుగా బుచ్చుకొను వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి విధించినది. చదరంగపు భాషలో జెప్పిన, రెండవ యింటనే ఆగుమనుట. 1938లో చెన్నరాజధానిలో వచ్చిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును అదే తావున గీత గీసెను. రైతు అసలుకు రెండింతలు చెల్లించియున్నచో, అది అసలు క్రిందనైనను వడ్డీ క్రిందనైనను సరే, ఋణము తీరినట్లే యనెను. చిత్తూరు జిల్లా ఆనాడు ఆ రాజధానిలోనిదే గావున ఈ ప్రాంతపు రైతులకును అది వర్తించెను. స్మృతికిని చట్టమునకును నడుమ ఎన్నో శతాబ్దములున్నను రెండును రెట్టింపు వద్దనే నిలిచినవి.

పంచాయతీలో కూర్చుండు పెద్దలకు పనికివచ్చు చిన్న ఉపాయము చెప్పెదను. వడ్డీని నెలనెలకును అసలులో గలుపు పక్షమున, డెబ్బదిని నూటికి నెలసరి వడ్డీచే భాగింపుడు. ఎన్ని నెలలకు ధనము రెట్టింపగునో తేలును. ఒక రూపాయి వడ్డీకి డెబ్బది నెలలు. రెంటికి ముప్పదియైదు. అయిదింటికి పదునాలుగు. పది రూపాయలకు ఏడు నెలలు దాటిన కొలది దినములకే. పావలా భేదములను లెక్కింపకున్న ఇది చాలినంత సరియైనది.

ఇక ఇరుపక్షములవారును మీ యెదుట నిలుచున్నపుడు, మొదట చేత బడిన రొక్కమెంతో అడిగి, దానిని మొదటి యింట నుంచుడు. ఇప్పుడు కోరుచున్న మొత్తము దానికి ఎన్ని రెట్టింపులో చూడుడు. నూరు రూపాయలిచ్చి మూడువేల రెండువందలు కోరుచున్నచో, ఆ కాగితము ఆరవ యింట నున్నది. ఈ దినమున తెగక మరల తిరుగ వ్రాసికొన్నచో, ఏడవ యింట ఆరువేల నాలుగువందలు.